టైటానియం ముక్క మీద ఎముక ఖనిజాన్ని పెంచడం ఎలా

తుంటి మార్పిడి ఆపరేషన్లలో తొడ ఎముక లోపలికి దించే టైటానియం కాడల్లో కొన్నింటికి పైభాగం తెల్లగా, గరుకుగా ఉంటుంది. అది రంగు కాదు, ఖనిజం. పేరు హైడ్రాక్సీఅపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసి కట్టిన స్ఫటికం. మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు దీనికి దగ్గరి చుట్టమైన ఖనిజమే. లోహం మీద ఈ పొర ఉంటే ఎముక కణాలు మధ్యలో మచ్చ కణజాలం పెరగనివ్వకుండా నేరుగా దాని మీదే కొత్త ఎముకను కడతాయి. 1985లో లండన్‌లో రొనాల్డ్ ఫర్లాంగ్ అనే సర్జన్ ఈ పూత ఉన్న తుంటి కాడను రోగికి అమర్చాడు. అప్పటినుంచి ఇది వైద్యంలో వాడుకలో ఉంది.

ఫ్యాక్టరీల్లో ఈ పూతను ఎక్కువగా ప్లాస్మా స్ప్రేతో వేస్తారు. అపటైట్ పొడిని వేల డిగ్రీల వేడి ఉన్న ప్లాస్మా మంటలోంచి ఊది లోహానికి కొడతారు. పొర మందంగా వస్తుంది, గట్టిగా పట్టుకుంటుంది. కానీ అంత వేడికి పొడిలో కొంత భాగం విడిపోయి వేరే కాల్షియం ఫాస్ఫేట్‌లుగా మారుతుంది. పైగా పొడిని ఊదే స్ప్రే తుపాకీకి ఎదురుగా ఉన్న వైపే పూత పడుతుంది, రంధ్రాల లోపలికి వెళ్లదు. ఆ యంత్రం కాలేజీ ల్యాబ్‌లో ఉండే వస్తువు కూడా కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ లాంటి చోట్ల ఉంటుంది.

ఇక్కడ చెప్పబోయేది రెండో దారి. రక్తంలోని లవణాలను పోలిన ద్రావణంలో, ఒంటి వేడి దగ్గర, పూతను దానంతటదే పెరగనివ్వడం. క్యోటో విశ్వవిద్యాలయంలో తదాషి కోకుబో బృందం 1990ల్లో దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది. బయోమెటీరియల్స్, మెటలర్జీ, కెమిస్ట్రీ చదివే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు మామూలు ల్యాబ్‌లో చేయగలిగిన పని ఇది. ఒక్క మాట ముందే: ఇలా తయారైన ముక్క పరీక్షల కోసం మాత్రమే. మనిషి ఒంట్లో పెట్టే వస్తువుకు మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం లైసెన్సు కావాలి, జీవ అనుకూలత పరీక్షలు కావాలి, స్టెరిలైజేషన్ రుజువు కావాలి. వాటి జోలికి ఈ వ్యాసం పోదు.

అసలు ఏం జరుగుతుంది

పటికబెల్లం ఎలా చేస్తారో తెలుసుగా. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే చక్కెర ఆ దారాన్ని పట్టుకుని స్ఫటికమవుతుంది. మన రక్తం కూడా అపటైట్ విషయంలో అలాంటి పాకమే. అందులో ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ అపటైట్‌గా దిగిపోవడానికి సరిపోయే కంటే ఎక్కువే ఉన్నాయి. మొదటి స్ఫటికం పట్టుకోవడానికి తగిన చోటు దొరకదు, అంతే. ఆ చోటును మనం టైటానియం మీద తయారుచేస్తాం.

మామూలు టైటానియం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉంటుంది. అది అపటైట్‌ను అంత తొందరగా రానివ్వదు. గాఢమైన కాస్టిక్ సోడాలో నానబెడితే ఆ పొర కరిగి, దాని చోట సోడియం టైటనేట్ అనే సన్నటి జాలీ ఏర్పడుతుంది. మందం దాదాపు 1 మైక్రాన్. దీన్ని ద్రావణంలో వేస్తే సోడియం బయటికి పోయి ఉపరితలం రుణావేశం పొందుతుంది. అది కాల్షియంను లాగుతుంది. కాల్షియం పేరుకున్నాక ఉపరితలం ధనావేశానికి మారుతుంది, అప్పుడు ఫాస్ఫేట్‌ను లాగుతుంది. ఆ రెండూ కలిసి ముందు ఆకారం లేని కాల్షియం ఫాస్ఫేట్‌గా, తర్వాత అపటైట్‌గా మారతాయి. ఒకసారి బీజం పడిందా, మిగతాది ద్రావణమే చూసుకుంటుంది.

కాబట్టి మీ చేతిలో ఉన్న పని రెండే: చోటు తయారుచేయడం, పాకం తయారుచేయడం. ఎక్కువమందికి పని చెడేది రెండో దాంట్లో.

ముక్కల తయారీ

10 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న పలకలు తీసుకోండి. స్వచ్ఛమైన టైటానియం గ్రేడ్ 2 అయినా ఫర్వాలేదు, ఇంప్లాంట్లలో వాడే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం ఉన్న మిశ్రమం అయినా ఫర్వాలేదు. మొదటిసారి చేస్తుంటే స్వచ్ఛమైనదే మేలు, ఫలితం సులువుగా అర్థమవుతుంది. మూలలో 1 మి.మీ. రంధ్రం వేయించుకోండి, తర్వాత దారంతో వేలాడదీయడానికి అక్కరకొస్తుంది.

400 నంబరు సిలికాన్ కార్బైడ్ పేపర్‌తో తడిపి రుద్దండి. అద్దంలా మెరిపించాల్సిన పనిలేదు, కాస్త గరుకుంటే పూత బాగా పట్టుకుంటుంది. రుద్దాక అసిటోన్, ఇథనాల్, అల్ట్రాప్యూర్ నీళ్లు, ఈ వరుసలో ఒక్కోదానిలో 10 నిమిషాల చొప్పున అల్ట్రాసోనిక్ బాత్‌లో కడగండి. ఇక ఆ తర్వాత వేలితో తాకొద్దు. ప్లాస్టిక్ పట్టకారే వాడండి.

కొన్ని పద్ధతుల్లో ఈ దశలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో చెక్కమని ఉంటుంది. నా మాట వింటే దాని జోలికి పోవద్దు. చర్మం మీద పడితే లోపలికి దిగి ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్, శిక్షణ ఉన్న మనిషి పక్కన లేకుండా ఆ సీసా తెరవడమే తప్పు. మన పనికి అది లేకపోయినా లోటేమీ ఉండదు.

కాస్టిక్ సోడా

5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. 20 గ్రాముల బిళ్లలను కొద్దికొద్దిగా నీళ్లలో వేసి కరిగించి, చల్లారాక 100 మి.లీ.కి నింపండి. నీళ్లలో బిళ్లలు వేయాలి తప్ప బిళ్లల మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, కోటు లేకుండా మొదలుపెట్టొద్దు. కంట్లో చుక్క పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడుగుతూ, పక్కవాళ్లతో డాక్టర్‌కు ఫోన్ చేయించండి. గాజు పాత్ర వద్దు, క్షారం గాజును తింటుంది, ఆ సిలికా మీ ముక్క మీదకు వస్తుంది. టెఫ్లాన్ లేదా పాలీప్రొపిలీన్ డబ్బా వాడండి.

ముక్క ఒక్కోదానికి కనీసం 5 మి.లీ. పోసి, మూత బిగించి, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఉంచండి. తీశాక అల్ట్రాప్యూర్ నీళ్లతో మెల్లగా కడిగి, 40 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టండి. ముక్క రంగు మసకబారి, ఒక్కోచోట నీలం, ఊదా ఛాయలు కనిపిస్తే కంగారుపడొద్దు. అది సన్నటి పొర మీద వెలుతురు చేసే ఆట.

కడిగే నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ససేమిరా వద్దు. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీటి కాఠిన్యం సంగతి మీకు తెలిసిందే. ఆ నీటిలోని కాల్షియం వెళ్లి సోడియం స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు ద్రావణంలో బయటికి రావాల్సిన సోడియమే ఉండదు, పూత మొదలవ్వదు. సోడియం హైడ్రాక్సైడ్ సీసాలోనే కాల్షియం మలినం ఉన్నా ఇదే గొడవ. అది లక్షలో కొద్ది భాగాలున్నా పూత దెబ్బతింటుందని కోకుబో బృందమే తర్వాత గమనించింది. అందుకే సీసా మీది మలినాల పట్టిక చదివి కొనండి.

కొలిమి

ఆరిన ముక్కలను మఫుల్ ఫర్నేస్‌లో పెట్టి నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 600 డిగ్రీలకు తీసుకెళ్లండి. అక్కడ 1 గంట ఉంచి, తలుపు తీయకుండా కొలిమిలోనే చల్లారనివ్వండి. ఇది దాటవేస్తే జాలీ మెత్తగానే ఉండిపోతుంది, గోరుతో గీకినా వచ్చేస్తుంది. అలాగని ఉష్ణోగ్రత ఇంకా పెంచితే గట్టితనం పెరుగుతుందేమోగానీ అపటైట్‌ను పిలిచే గుణం తగ్గుతుంది. 600 దగ్గరే ఆగండి.

పోల్చుకోవడానికి కొన్ని ముక్కలను క్షారం, కొలిమి రెండూ లేకుండా అలాగే పక్కన పెట్టుకోండి. వాటిని కూడా అదే ద్రావణంలో, అదే రోజుల పాటు ఉంచాలి. అవి లేకుండా చేసిన ప్రయోగానికి వైవాలో జవాబు చెప్పుకోలేరు.

పాకం: ఎస్‌బీఎఫ్ తయారీ

దీన్ని సిమ్యులేటెడ్ బాడీ ఫ్లూయిడ్ అంటారు, ల్యాబ్ మాటల్లో ఎస్‌బీఎఫ్. ఇందులో లీటరుకు మిల్లీమోల్స్‌లో సోడియం 142, పొటాషియం 5, మెగ్నీషియం 1.5, కాల్షియం 2.5, ఫాస్ఫేట్ 1, సల్ఫేట్ 0.5 ఉంటాయి. ఇవన్నీ రక్తపు ప్లాస్మాలో ఉన్నంతే. తేడా రెండింట్లో: ప్లాస్మాలో క్లోరైడ్ 103, బైకార్బొనేట్ 27 ఉంటే ఇందులో క్లోరైడ్ 147.8, బైకార్బొనేట్ 4.2. ప్రొటీన్లు, కణాలు ఏమీ ఉండవు. పేరులో బాడీ ఉంది కదా అని ఇది రక్తానికి నకలు అనుకోవద్దు, ఉప్పు నీళ్ల వరకే పోలిక.

కింది కొలతలు 1 లీటరుకు. 2006లో కోకుబో, తకదామా ఇచ్చిన సూత్రం ఇదే.

పాత్రలన్నీ ప్లాస్టిక్‌వే కావాలి, లోపల గీతలు ఉండకూడదు. గాజు గోడ మీద, గీతల్లో కూడా అపటైట్ పట్టుకుంటుంది. పాత్రలను ముందురోజే పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత అల్ట్రాప్యూర్ నీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా సిద్ధం చేసుకోవాలి: 37 శాతం గాఢ ఆమ్లం 83 మి.లీ.ని ఫ్యూమ్ హుడ్‌లో నీళ్లలో పోసి 1 లీటరుకు నింపితే సరిపోతుంది.

1 లీటరు ప్లాస్టిక్ బీకర్‌లో 700 మి.లీ. అల్ట్రాప్యూర్ నీళ్లు పోసి, మాగ్నెటిక్ స్టిరర్ మీద నీళ్ల స్నానంలో పెట్టి, 36.5 డిగ్రీలకు తెచ్చి మూత వేయండి. ఇప్పుడు వరుస తప్పకుండా, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేయండి:

1. సోడియం క్లోరైడ్ 8.035 గ్రా.
2. సోడియం బైకార్బొనేట్ 0.355 గ్రా.
3. పొటాషియం క్లోరైడ్ 0.225 గ్రా.
4. డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ ట్రైహైడ్రేట్ 0.231 గ్రా.
5. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.311 గ్రా.
6. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 39 మి.లీ.
7. కాల్షియం క్లోరైడ్ 0.292 గ్రా.
8. సోడియం సల్ఫేట్ 0.072 గ్రా.
9. ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే పదార్థం) 6.118 గ్రా., అదీ కొద్దికొద్దిగా, కింద చెప్పినట్టు
10. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అవసరాన్ని బట్టి 5 మి.లీ. లోపు

ఆరో వరుసలోని ఆమ్లం ఎందుకో తెలిస్తే వరుస ఎప్పటికీ మరిచిపోరు. ఫాస్ఫేట్ అప్పటికే నీళ్లలో ఉంది, తర్వాత కాల్షియం రాబోతోంది. ఆ రెండూ తటస్థ నీళ్లలో ఎదురుపడితే అక్కడికక్కడే తెల్లగా విరిగిపోతాయి. ముందు ఆమ్లం పోసి పీహెచ్‌ను 2 దగ్గరకు దింపితే రెండూ కలిసి ఉన్నా కరిగే ఉంటాయి.

ఏడో వరుసలో ఇంకో చిక్కుంది. 0.292 గ్రాములు అనేది నీరులేని, 95 శాతం స్వచ్ఛత ఉన్న కాల్షియం క్లోరైడ్‌కు వేసిన లెక్క. మన ల్యాబ్‌ల అల్మరాలో మామూలుగా దొరికేది డైహైడ్రేట్. దాన్ని అంతే బరువు వేస్తే కాల్షియం ఐదో వంతుకు పైగా తగ్గిపోతుంది. స్వచ్ఛమైన డైహైడ్రేట్ అయితే 0.368 గ్రా. కావాలి. అలాగే ఫాస్ఫేట్ ఉప్పు ట్రైహైడ్రేట్ కాక నీరులేనిదైతే 0.174 గ్రా. చాలు. సీసా మీది అణుభారం చూసి లెక్క మీరే ఒకసారి వేసుకోండి. ఇవి తేమను ఇట్టే పీల్చే ఉప్పులు, కాబట్టి తూకం త్వరగా ముగించాలి. వానాకాలంలో విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సీసా తెరిచి కబుర్లు చెప్పుకుంటే తూకంలో సగం నీళ్లే ఉంటాయి.

ఎనిమిది అయ్యాక నీళ్లు కలిపి 900 మి.లీ. చేయండి. ఉష్ణోగ్రత మళ్లీ 36.5 దగ్గర నిలిచిందో లేదో చూసి పీహెచ్ ఎలక్ట్రోడ్ దించండి. ఎలక్ట్రోడ్‌ను అదే రోజు కొత్త బఫర్లతో కాలిబ్రేట్ చేసి ఉండాలి. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఏదైనా ఉందంటే మంచి పీహెచ్ ఎలక్ట్రోడే.

ట్రిస్‌ను చిటికెడు చిటికెడుగా వేయండి. ప్రతి చిటికెడు కరిగి, మీటరులో అంకె నిలబడ్డాకే తర్వాతది. ఒకేసారి గుమ్మరిస్తే పడిన చోట క్షార గుణం పెరిగి, అక్కడ కాల్షియం ఫాస్ఫేట్ ముద్ద కడుతుంది. కంటికి కనబడకపోయినా ఆ నలుసులు చాలు, ద్రావణం తర్వాత సీసాలోనే ముదిరిపోతుంది. పీహెచ్ 7.3 దాటాక ఇంకా నెమ్మదించండి, ఉష్ణోగ్రతను 36.5కు అర డిగ్రీ అటూఇటూ దాటనివ్వొద్దు. 7.45కు రాగానే ఆపి, ఆమ్లం చుక్కలతో 7.42కు దింపండి. మిగిలిన ట్రిస్ వేసి, మళ్లీ ఆమ్లంతో దింపండి. ఇలా 7.42కు 7.45కు మధ్యే తిప్పుతూ ట్రిస్ అంతా అయిపోయాక, 36.5 డిగ్రీల దగ్గర కచ్చితంగా 7.40కు తేవాలి. 7.45 దాటనివ్వకపోవడమే ఇక్కడ అసలు నియమం.

ఉష్ణోగ్రత మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ట్రిస్ బఫర్ పీహెచ్ ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.03 తగ్గుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 7.40 పెట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టారనుకోండి, లోపల అది 7.1 దగ్గరకు దిగుతుంది. అంతలోనే పూత పెరిగే వేగం పడిపోతుంది. ‘నాకు అపటైట్ రాలేదు’ అని టెన్షన్ పడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఈ అంకెనే.

ఎలక్ట్రోడ్‌ను కడిగిన నీళ్లు కూడా బీకర్‌లోనే పడనిచ్చి, ద్రావణాన్ని 20 డిగ్రీలకు చల్లార్చి, 1 లీటరుకు నింపండి. చూడటానికి నీళ్లలా తేటగా ఉండాలి. ఏమాత్రం మసక కనిపించినా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. వడగట్టి వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది, వద్దు. విరిగిన దాంట్లో ఎంత కాల్షియం పోయిందో మీకు తెలియదు. బాగున్న దాన్ని కూడా నమ్మేయకుండా 50 మి.లీ. ప్లాస్టిక్ సీసాలో పోసి 36.5 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు ఉంచి చూడండి. అడుగున తెల్లటి నలుసు చేరకపోతే ద్రావణం నిలిచినట్టే. మిగతాది ఫ్రిజ్‌లో 5 నుంచి 10 డిగ్రీల మధ్య పెట్టి, 30 రోజుల్లోపు వాడేయాలి.

నానబెట్టడం

ఎంత ద్రావణం పోయాలన్నదానికి సూత్రం ఉంది: ముక్క మొత్తం ఉపరితలం చదరపు మి.మీ.లలో ఎంతో, దాన్ని 10తో భాగిస్తే వచ్చినన్ని మి.లీ. మన పలకకు పైనా కిందా 200, నాలుగు అంచులకు 40, మొత్తం 240 చ.మి.మీ. అంటే 24 మి.లీ. రంధ్రాలున్న ముక్కైతే కాస్త ఎక్కువే పోయండి.

ముక్కను సన్నటి నైలాన్ దారంతో నిలువుగా వేలాడదీయండి, లేదా గోడకు వాల్చి నిలబెట్టండి. పడుకోబెడితే ద్రావణంలోంచి రాలిన నలుసులు పైముఖం మీద కూర్చుంటాయి, వాటిని పూత అనుకుని మోసపోతారు. మూత పెట్టి 36.5 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కదలకుండా ఉంచండి. క్షారం, కొలిమి రెండూ సరిగ్గా పడిన టైటానియం మీద మూడో రోజుకల్లా అపటైట్ కనిపించడం మొదలవుతుంది. 1, 3, 7, 14 రోజులకు ఒక్కో జత ముక్కలు తీసేలా ప్లాన్ చేసుకోండి.

ద్రావణం మార్చాలా వద్దా అన్నది మీరు ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పదార్థానికి అపటైట్‌ను పిలిచే గుణం ఉందా లేదా అని పరీక్షించడమే పనైతే మార్చకూడదు. మందమైన పూతే కావాలంటే మార్చక తప్పదు. లెక్క చూడండి: 24 మి.లీ.లో ఉన్న ఫాస్ఫేట్ మొత్తం 0.024 మిల్లీమోల్స్. అదంతా, ఒక్క అణువు మిగలకుండా అపటైట్‌గా మారినా వచ్చేది 4 మి.గ్రా. దాన్ని 2.4 చ.సెం.మీ. మీద పరిస్తే, సందులు లేని పొరగా లెక్కగట్టినా, 5 మైక్రాన్ల చిల్లర. అసలు పొరలో సందులుంటాయి కాబట్టి ఇంకాస్త మందంగా కనబడుతుంది, కానీ ఫాస్ఫేట్ పూర్తిగా ఎప్పుడూ దిగదు. అందుకే నెల రోజులు అదే ద్రావణంలో ఉంచినా మందం ఒక హద్దు దాటదు. పూత కోసమైతే రెండు రోజులకోసారి తాజా ద్రావణం పోయండి, పోసే ముందు 36.5కు వెచ్చబెట్టండి.

తొందర ఉన్నవాళ్లు అయాన్లన్నీ ఒకటిన్నర రెట్లు వేసి చేస్తారు. 5 రెట్లు, 10 రెట్లు గాఢతతో గంటల్లో పూత తెచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. వాటిలో వచ్చేది చాలాసార్లు అపటైట్ ఒక్కటే కాదు, ఇతర కాల్షియం ఫాస్ఫేట్‌లు కలుస్తాయి, ద్రావణం కూడా నిలవదు. మామూలు గాఢతతో ఒకసారి విజయవంతంగా చేశాకే అటు వెళ్లండి.

బయటికి తీయడం

పట్టకారుతో అంచు పట్టుకుని తీసి, అల్ట్రాప్యూర్ నీళ్ల గిన్నెలో మెల్లగా ముంచి తీయండి. రెండు మూడు గిన్నెలు మార్చండి. ధారగా పోయొద్దు, అల్ట్రాసోనిక్ అసలే వద్దు. గది వేడిలోనే డెసికేటర్‌లో, అంటే తేమ పీల్చే మూత పాత్రలో, ఆరబెట్టాలి. ఓవెన్‌లో పెడితే పొర బీటలు వారుతుంది. నెమ్మదిగా ఆరబెట్టినా కొన్ని సన్నటి పగుళ్లు తప్పవు, మైక్రోస్కోపులో అవి కనిపిస్తే దిగులుపడొద్దు. ఒకసారి ఆరిన ముక్కను మళ్లీ ద్రావణంలో వేయకండి.

మిగిలిపోయిన ఎస్‌బీఎఫ్ ఉప్పునీళ్లే, సింకులో పోసినా ప్రమాదం లేదు. కాస్టిక్ సోడాను మాత్రం బాగా పలచన చేసి, ఆమ్లంతో తటస్థం చేశాకే మీ ల్యాబ్ నియమం ప్రకారం పారబోయండి.

వచ్చింది అపటైటేనా?

తెల్లగా కనబడిన ప్రతిదీ అపటైట్ కాదు. ఒక్క పరీక్షతో తేల్చేయకుండా కనీసం మూడు చేయండి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అపటైట్ గుండ్రటి బుడిపెలుగా, ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తుంది. ఇంకా దగ్గరికి వెళ్తే ఒక్కో బుడిపె సన్నటి రేకుల గుంపు. రుద్దినప్పటి గీతలు కనిపించకుండా మూసుకుపోతే పొర నిండుగా వచ్చినట్టు. అక్కడే ఎక్స్‌రే స్పెక్ట్రం తీస్తే కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి తెలుస్తుంది. పుస్తకాల్లోని హైడ్రాక్సీఅపటైట్‌కు అది 1.67. మీకు కచ్చితంగా అంతే రాదు, అటూఇటూగా వస్తుంది. కార్బొనేట్, మెగ్నీషియం, సోడియం కూడా లోపలికి దూరతాయి కాబట్టి అది సహజమే. నిజానికి ఎముకలోని ఖనిజం కూడా అలాంటి కల్తీదే. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరేది కూడా ఈ స్ఫటికంలోనే, హైడ్రాక్సిల్ ఖాళీ చేసిన చోట.

మైక్రోస్కోపు గదిలో ఒక జాగ్రత్త. కరెంటు ప్రసరించడానికి ముక్క మీద మామూలుగా బంగారం పూస్తారు. బంగారం ఎక్స్‌రే గీత 2.12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడుతుంది, ఫాస్ఫరస్ గీత 2.01 దగ్గర. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి నిష్పత్తి తారుమారవుతుంది. ప్లాటినం ఇంకా దగ్గర. నిష్పత్తి కావాలంటే కార్బన్ పూయమని ఆపరేటర్‌కు ముందే చెప్పండి.

రెండోది ఎక్స్‌రే డిఫ్రాక్షన్. పూత సన్నం కాబట్టి మామూలు పద్ధతిలో టైటానియం శిఖరాలే నిండిపోతాయి. పడే కోణం 1 డిగ్రీ దగ్గర ఉంచే సన్నపొర పద్ధతి అడగండి. రాగి రేడియేషన్‌తో 26 డిగ్రీల దగ్గర ఒకటి, 32 డిగ్రీల దగ్గర వెడల్పాటిది ఒకటి రావాలి. వెడల్పుగా రావడం మంచిదే, స్ఫటికాలు చాలా చిన్నవని అర్థం. కానీ 32 దగ్గరి శిఖరాన్ని ఒంటరిగా నమ్మొద్దు. సరిగా కడగని ముక్క మీద మిగిలిన మామూలు ఉప్పు కూడా 31.7 దగ్గరే శిఖరం ఇస్తుంది. అది సన్నగా, పదునుగా ఉండి 45.4 దగ్గర ఇంకొకటి తోడుంటే మీరు చూస్తున్నది సోడియం క్లోరైడ్.

మూడోది ఇన్‌ఫ్రారెడ్. ఫాస్ఫేట్ 1030 దగ్గర, 560, 600 దగ్గర కనిపిస్తుంది (అంకెలు తరంగసంఖ్యలు, సెం.మీ.⁻¹లలో). 870, 1420 నుంచి 1450 మధ్య గీతలుంటే స్ఫటికంలో కార్బొనేట్ చేరిందని తెలుస్తుంది. అది ఎముకకు దగ్గరి లక్షణం, థీసిస్‌లో తప్పకుండా రాయండి.

పట్టు ఎంత ఉందో తేల్చడం కష్టమైన పని. టేపు అంటించి పీకడం చౌకైన మొదటి పరీక్ష. ప్లాస్మా స్ప్రే పూతలకు అంతర్జాతీయ ప్రమాణం కనీసం 15 మెగాపాస్కల్స్ అడుగుతుంది. జిగురుతో అంటించి లాగి కొలుస్తారు. మన పూతకు అదే పరీక్ష చేస్తే సందుల్లోంచి జిగురు దిగి లోహాన్నే పట్టుకోవచ్చు, అప్పుడు వచ్చే అంకె జిగురుది. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపులో చూడకుండా ఆ అంకె రాయకండి.

ఇక ఈ ఫలితంతో ఏం చెప్పవచ్చు? ‘ఈ ఉపరితలం ఎస్‌బీఎఫ్‌లో ఇన్ని రోజుల్లో అపటైట్‌ను ఏర్పరచింది’ అని చెప్పవచ్చు. ‘ఇది ఎముకతో అతుక్కుంటుంది’ అని చెప్పకూడదు. ఎస్‌బీఎఫ్ పరీక్ష ప్రాణి ఒంట్లో వచ్చే ఫలితాన్ని ఎంతవరకు ఊహించగలదన్నదాన్ని 2009లో బోనర్, లెమైత్రే గట్టిగా ప్రశ్నించారు. ఇందులో ప్రొటీన్లు లేవు, కార్బొనేట్ తక్కువ, ట్రిస్ రక్తంలో ఉండదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అలాగని పద్ధతి వృథా కాదు. క్షారం, కొలిమి పట్టించిన టైటానియం తుంటి కీళ్లు జపాన్‌లో 2007లో వాడకానికి వచ్చాయి. అయితే వాటికి జంతువుల మీద, మనుషుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి, ఒక్క ఎస్‌బీఎఫ్ ఫలితంతో కాదు.

తేడా వస్తే

ముక్క మీద ఏమీ రాలేదంటే పీహెచ్‌ను 36.5 దగ్గర మళ్లీ కొలవండి, తర్వాత కాల్షియం క్లోరైడ్ రకం చూడండి. రెండూ సరిగ్గా ఉంటే, నానబెట్టని ఒక ముక్కను ఎక్స్‌రే స్పెక్ట్రంలో పెట్టి సోడియం ఉందో లేదో చూడండి. సోడియం లేకపోతే తప్పు క్షారంలోనో కడగడంలోనో ఉంది.

ముక్కతోపాటు సీసా గోడలు కూడా తెల్లబడితే ద్రావణం తనంతట తానే విరుగుతోంది. సీసా గీతలు పడి ఉండొచ్చు, ట్రిస్ తొందరపడి వేసి ఉండొచ్చు. ఆ విడత ముక్కలన్నీ పక్కన పెట్టేయాల్సిందే.

పూత పొరలుగా ఊడుతుంటే ముందు కొలిమి ఉష్ణోగ్రతను అనుమానించండి. పాత ఫర్నేస్‌ల డిస్‌ప్లే చెప్పేదానికీ లోపలి వేడికీ చాలా తేడా ఉంటుంది, విడి థర్మోకపుల్‌తో సరిచూడండి. అది సరిగ్గా ఉంటే ఆరబెట్టడం తొందరగా జరిగిందేమో చూడండి.

ఒకే విడతలో ఒక ముక్కకు వచ్చి ఇంకోదానికి రాకపోతే రుద్దిన తీరు, సీసాలో పోసిన కొలత పోల్చండి. అందుకే మొదటి రోజు నుంచే ప్రతి సీసా మీద ముక్క నంబరు, విడత నంబరు, పోసిన మి.లీ., పీహెచ్, తేదీ పర్మనెంట్ మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి. మూత మీద కాదు, సీసా మీద. కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి.